రెండేళ్ళకోసారి వచ్చే పక్షవాతం

మా నాన్న సంవత్సరీకానికి ఫ్లెక్సీ కొట్టించాల్సిందేనని మా బావ పట్టుబట్టాడు. బావంటే మా చెల్లెలి భర్త. మలికిపురంలో ఎరువుల కొట్టు నడుపుతాడు. మా కోనసీమలో మనిషి పుట్టినా, పిల్ల ఓణీ వేసుకున్నా, ఎవరైనా పోయినా ఫ్లెక్సీ కట్టకపోతే ఆ సంగతి జరిగినట్టు ఎవరూ ఒప్పుకోరు. అందుకని ఇద్దరం అమలాపురంలో మా సందు చివరి షాపుకి వెళ్ళాం.

షాపాయన మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, టీ చెప్పి, మా నాన్న ఫొటోని కంప్యూటర్లో రెండు ఛాయలు తెల్లగా చేశాడు. బతికుండగా ఆయన అంత తెల్లగా ఎప్పుడూ లేడు. వెనకాల మేఘాలు పెట్టాడు. పెట్టి, "కింద ఏం వెయ్యమంటారండీ?" అన్నాడు.

"మీ దగ్గర ఏమున్నాయండీ?" అన్నాను, చీరల కొట్లో అడిగినట్టు.

"అజాతశత్రువు ఉందండి. పరోపకారి ఉందండి. 'నిరంతర కష్టజీవి, కుటుంబమే లోకంగా బతికిన మహానుభావుడు' అని ఇదొకటండి. ఇది బాగా పోతుందండి. ఈ వారంలోనే ముగ్గురికి కొట్టేం."

ఆ ముగ్గురిలో ఒకాయన నాకు తెలుసు. పేకాట బల్ల దగ్గరే కన్నుమూశాడు.

మా బావ టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "కష్టజీవి అంటే మావయ్యగారే లేచొచ్చి నవ్వుతారు బావా. నీ పక్షవాతం ముక్క వేయించేద్దాం, జనం ఆగి చదువుతారు" అన్నాడు. షాపాయనకి అర్థం కాకపోతే ఆ ముక్కేదో ఆయనకి వివరంగా చెప్పాడు కూడా. ఆయన కూడా నవ్వి, "ఆయ్, బావుందండి" అన్నాడు. సాయంత్రానికల్లా మాట ఖాయం చేసి చెబుతానని లేచి వచ్చేశాను.

ఆ పక్షవాతం ముక్క నేను తయారుచేసిందే. కాలేజీలో పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి కాబట్టి మైకు దొరికితే ఊరుకోలేను. నా గృహప్రవేశం రోజున, భోజనాలకి ముందు, షామియానా కింద నిలబడి, ఇదంతా మా అమ్మ కష్టం అని చెప్పాను. అక్కడితో ఆపితే ఉపన్యాసం చప్పగా ఉంటుందనిపించింది. అందుకని, "మా నాన్నగారికి రెండేళ్ళకోసారి పక్షవాతం వచ్చేదండి. మా అమ్మ కువైట్ నుంచి వచ్చి ఇంట్లో ఉన్న రెండు నెలలూ చెయ్యి లేచేది కాదు. ఆవిడ విమానం ఎక్కగానే ఏ మందూ లేకుండా నయమైపోయేది" అన్నాను. జనం పగలబడి నవ్వారు. కొత్త పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్న మా నాన్న అందరికంటే ముందు నవ్వాడు. పక్కనున్నాయన "నిజమేనాండీ?" అని అడిగితే, "ఆయ్, నిజమేనండి. ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు" అన్నాడు.

అప్పటి నుంచీ మా చుట్టాల్లో ఏ శుభకార్యం జరిగినా ఆ ముక్క చెప్పమని నన్ను అడిగేవారు. నేను బతిమాలించుకోకుండానే చెప్పేవాణ్ణి. చివరికి ఆయన పెద్దకర్మ రోజున, విస్తళ్ళ దగ్గర, నా జోకు నాకే చెప్పి ఓదార్చారు.

జోకుకి ఆధారం లేకపోలేదు. నాకు నాలుగేళ్ళప్పుడు, మా చెల్లి ఇంకా తడబడుతూ నడుస్తున్నప్పుడు, మా అమ్మ కువైట్ వెళ్ళింది. అక్కడ ఒకరింట్లో వంట చెయ్యడం, వాళ్ళ పిల్లల్ని చూసుకోవడం ఆవిడ పని. రెండేళ్ళకోసారి రెండు నెలలు సెలవిచ్చేవారు. మా వైపు ఇదేం వింత కాదు. ఆడవాళ్ళు గల్ఫ్ వెళ్ళిన ఇళ్ళు వీధికి రెండు మూడుంటాయి. అలాంటి ఇంట్లో మిగిలిన మగవాడి గురించి ఊరు పెద్దగా పరిశోధన చెయ్యదు. పెళ్ళాం సంపాదిస్తుంటే తిని కూర్చున్నాడని తేల్చేస్తుంది.

మా నాన్న తిని కూర్చున్న విధానం ఎలా ఉండేదంటే, తెల్లారకుండా లేచి, స్టవ్వు వెలిగించి అన్నం, కూర వండేవాడు. మా ఇద్దరికీ నీళ్ళు పోసేవాడు. చెల్లికి రెండు జడలు వేసేవాడు. ఆ తరవాత సైకిలెక్కి కొబ్బరి కొట్టుకి వెళ్ళి, నేలలో పాతిన ఇనప ములుకు మీద పొద్దుగూకేదాకా కాయలు వలిచేవాడు. పీచు వలిచీ వలిచీ ఆయన అరచేతులు కూడా కొబ్బరి డొక్కల్లాగే తయారయ్యాయి. ఆ చేతులతో జడ వేస్తే వెంట్రుకలు వేళ్ళకి తగులుకునేవి. ఊడిపోకుండా బిగించి వేసేవాడేమో, బడిలో మా చెల్లి రోజంతా దేనికో ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేది.

"ఏం బావా, జడగంటలు కూడా కొంటున్నావా?" అని వీధిలో వాళ్ళు అడిగితే, "ఆయ్, సంతలో బేరం ఆడేనండి, కుదర్లేదు" అనేవాడు. కాలవ రేవులో మా గుడ్డలు ఉతుకుతుంటే పక్కింటావిడ, "అన్నయ్యా, మా చీరలు కూడా రెండు పడెయ్యమంటావా?" అనేది. "వెయ్యమ్మా, సబ్బు మాత్రం నీదే" అనేవాడు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడం ఆయనకి చేతకాలేదు. తీరిక లేక కావచ్చు.

ఇక పక్షవాతం సంగతి. అమ్మ వస్తోందనగానే వారం ముందు నుంచే ఆయనలో లక్షణాలు కనిపించేవి. సర్దిపెట్టిన సామాన్లు చెల్లాచెదురు చేసేవాడు. నిక్షేపంగా ఉన్న చొక్కా గుండీని పళ్ళతో తెంపుకోవడం నేను నా కళ్ళతో చూశాను. పెట్టెలతో టాక్సీ వాకిట్లో ఆగే వేళకి పొయ్యి మీద అన్నం మాడుతూ ఉండేది. "ఏం చెయ్యను, నాకు వంట చేతకాదు కదా" అని మా అమ్మ ముందు తలగోక్కునేవాడు. అప్పటికి రెండేళ్ళుగా మాకు మూడు పూటలా వండి పెడుతున్న మనిషి. ఆ రెండు నెలలూ కొబ్బరి కొట్టుకైతే మానకుండా వెళ్ళేవాడు. ఇంట్లో అడుగు పెట్టగానే మాత్రం చేతులు పడిపోయేవి. అరుగు మీద పడక్కుర్చీలో వాలి, చెయ్యి చాస్తే అందే చోట నీళ్ళ బిందె పెట్టుకుని, "ఏమేవ్, మంచినీళ్ళు" అనేవాడు.

పరాయి వంటింట్లో రెండేళ్ళు నిలబడి వచ్చిన మా అమ్మ సెలవుల్లో కూడా పొయ్యి దగ్గరే నిలబడేది. నాకు ఒళ్ళు మండిపోయేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడైతే మా చెల్లికి జడ వేస్తూ చిక్కు పట్టి ఎంత గట్టిగా లాగాడంటే, అది గావుకేక పెట్టి, "నువ్వొద్దు, అమ్మే వెయ్యాలి" అని ఏడుస్తూ వంటింట్లోకి పరిగెత్తింది. ఆయన దువ్వెన కింద పడేసి పోయి కుర్చీలో కూర్చున్నాడు. మొరటు మనిషి అనుకున్నాను. మా చెల్లీ అదే అనుకుంది. తరవాత ఆ అభిప్రాయం మార్చుకునే అవసరం మాకు కలగలేదు.

పదో తరగతిలో ధైర్యం చేసి అడిగాను కూడా. "అమ్మ ఉన్నప్పుడైనా నువ్వే వండొచ్చు కదా?"

"నాకు మాత్రం రెస్టు అక్కర్లేదేంట్రా?" అన్నాడు.

సరిగ్గా నేను ఊహించిన జవాబే వచ్చింది కాబట్టి నేను చాలా తెలివైనవాణ్ణని ఆనాడే నాకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే డిగ్రీలు చదివాను.

ఫ్లెక్సీ షాపు నుంచి ఇంటికొచ్చేసరికి మా అమ్మ కింద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. నాన్న పోయాక మా దగ్గరే ఉంటోంది. షాపాయన దగ్గరున్న సరుకంతా చెప్పి, "నాన్నకి కష్టజీవి అని వెయ్యమంటున్నాడమ్మా" అని నవ్వాను.

"వెయ్యకూడదా?" అంది, కత్తిపీట మీంచి తలెత్తకుండా.

"నీకు తెలీదా అమ్మా, నువ్వొచ్చినప్పుడు ఆయన చేసే వేషాలు? నువ్వు లేనప్పుడు అన్నీ ఆయనే చేసేవాడు. నువ్వు రాగానే ఏమీ రానట్టు నటించేవాడు."

ముప్ఫై ఏళ్ళకి పైగా దాచిన రహస్యం బయటపెట్టాననుకున్నాను. ఆవిడ ఇంకో బెండకాయ తీసుకుంది.

"రెండేళ్ళు మిమ్మల్ని సాకినవాడు అన్నం మాడుస్తాడేంట్రా? మీ బుగ్గలు చూస్తే తెలీదా నాకు, ఎవరు ఎలా వండి పెట్టేరో?"

ఆవిడే చెప్పింది.

"మొదటిసారి వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి అన్నీ తనే చేసేడు. అలిసిపోయొచ్చేవు, పడుకో అన్నాడు. నా ఇంట్లో చింతపండు ఎక్కడుందో నాకు తెలీదు. చెల్లికి నేనెవరో తెలీదు. ఎత్తుకోబోతే మీ నాన్న లుంగీ పట్టుకుని వెనక్కి నక్కేది. చుట్టపుచూపుగా వచ్చినట్టు వారం రోజులున్నాను. ఇంక ఇక్కడ నాకేం పని, వెనక్కి పోతాను, టిక్కెట్టు ముందుకి మార్పించు అన్నాను. మర్నాటి నుంచి ఆయనకి వంట రాలేదు."

నాకు ఆ రాక గురించి గుర్తున్నదల్లా ఆవిడ తెచ్చిన బ్యాటరీ కారు.

"మరి చెల్లి జడ?"

"కావాలనే లాగేడు. అది నా దగ్గరికి రావడానికి. ఆ రాత్రి దానికంటే ఆయనే ఎక్కువ బాధపడ్డాడు."

"తెలిసి నువ్వెందుకు ఊరుకున్నావమ్మా?"

"నాకోసం అంత కష్టపడి కుర్చీలో కూర్చుంటే, లెమ్మని ఎలా అంటాను?" అంది. "కువైట్ మానేసి వచ్చేసిన రోజున మాత్రం అన్నాను, ఇంక చాల్లే, వచ్చి కూర తిప్పు అని. వచ్చి తిప్పేడు. అప్పట్నుంచీ ఇద్దరం కలిసే వండుకున్నాం. నీ స్కూటర్ చప్పుడు వినపడితే మాత్రం గరిటె నా చేతికిచ్చేసి కుర్చీలోకి పరిగెత్తేవాడు. అబ్బాయి పదిమందిలో చెప్పుకున్న మాట అబద్ధమైపోద్దని."

గృహప్రవేశం రోజు సంగతి అడగకుండా ఉండాల్సింది. అడిగాను.

"నేను లేవబోయేను. నా చెయ్యి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. నిన్ను మెచ్చుకుంటున్నాడు కదే, పాడుచెయ్యకు అన్నాడు."

బెండకాయలైపోయాయి. కత్తిపీట కడుగుతూ, "ఆ షాపాయన చెప్పిందే వేయించు. అందరికీ వేసే మాటేగా, నిజమని ఎవరూ అనుకోరు. ఆయన దాచుకున్నది అలాగే ఉంటుంది" అంది.

అదే వేయించాను. పల్లెలో మా పాత వాకిట్లో మేఘాల మధ్య తెల్లటి మా నాన్న, కింద బాగా పోయే మాట. సంవత్సరీకానికి వచ్చినవాళ్ళు అది చదివి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. భోజనాల దగ్గర మా బావ, "మైకు లేకపోయినా పర్లేదు బావా, ఆ ముక్క ఒకసారి" అన్నాడు.

ఆయన దాచుకున్నది అలాగే ఉండాలన్న అమ్మ మాట కాదని, విస్తరి ముందు కూర్చునే చెప్పాను. టిక్కెట్టు ముందుకి మార్పించమన్న సంగతి, మాడిన అన్నం సంగతి, పళ్ళతో తెంపిన గుండీ సంగతి. గుండీ దగ్గర నవ్వారు. చెల్లి జడ ఆయన కావాలనే లాగిన సంగతి దగ్గర ఇంకా గట్టిగా నవ్వారు. ఇన్నేళ్ళుగా వాళ్ళకి నేనిచ్చిన అలవాటు అది. ఇంకా చివర్న అసలు జోకు వస్తుందని చేతులు ఆపుకుని ఎదురుచూశారు. రాకపోయేసరికి, మునుపటంత బాగాలేదని మా బావ తేల్చి చెప్పి పెరుగు అడిగాడు. ఇక నోటితో చెబితే నన్నెవరూ నమ్మరని అర్థమై, ఎవరి పేర్లూ లేకుండా ఇలా రాస్తున్నాను. మా అమ్మకి తెలిస్తే ఒప్పుకోదు.

ఆ రోజు పనసపొట్టు కూర వడ్డిస్తున్నది మా చెల్లే. గిన్నె పట్టుకుని నా విస్తరి ముందే ఆగిపోయింది. దానికిప్పుడు పెళ్ళీడుకొచ్చిన కూతురుంది.

"నిజంగానే చాలా నెప్పెట్టింది అన్నయ్యా" అంది.

నాకు అక్కర్లేదంటున్నా వినకుండా ఇంకో గరిటె కూర వేసి, పక్క విస్తరికి వెళ్ళింది.