ఓబులమ్మత్త సద్ది

కుట్టుమిషన్ నూనె వాసన తగిలితే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. అనంతపురం బైపాస్ దాటాక, రాళ్లగుట్ట పక్కనున్న మా కాలనీలో ఆ వాసన ఓబులమ్మత్త ఇంటిది. బోర్లు ఎండిపోయి పల్లెలు వదిలి వచ్చినవాళ్లమే అక్కడ అందరం. ఆమె మా పక్కింట్లో ఒంటరిగా ఉంటూ రైకలు కుట్టి బతికేది. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న నాకు పని నేర్పింది. కుట్టు వంకరపోతే తిట్టేది కాదు. "ఇప్పి మళ్లా కుట్టు పాపా. తొడుక్కునేటామె నీ మొగం సూడదు, కుట్టు సూస్తాది" అనేది.

ఆ పనితనం చూసే ఊళ్లో ఒక చీరల అంగడివాళ్లు నన్ను కుట్టుపనికి పెట్టుకున్నారు. "కాలనీవాళ్లకు చేతివాటం ఎక్కువప్పా" అని యజమాని ఎవరితోనో అనడం అప్పటికే విన్నాను. నన్ను "యాడుంటావు పాపా?" అని అడిగితే టౌన్లో పాతూరని అబద్ధం చెప్పాను.

ఒకరోజు అన్నం డబ్బా ఇంట్లోనే మరిచిపోయాను. మధ్యాహ్నం ఎండలో నడిచి ఓబులమ్మత్త తెచ్చింది. యజమాని ఆమెను గడప దగ్గరే ఆపాడు.

"యాడనుంచి వచ్చినావమ్మా?"

"కాలనీ నుంచప్పా."

ఆయన నా వైపు తిరిగాడు. "నీకు తెలుసునా ఈమె?"

"తెలీదన్నా" అన్నాను.

అత్త నన్ను ఒక్కసారి చూసింది. "తప్పు అంగడికి వచ్చినా" అని వెనుదిరగబోయింది. యజమాని ఊరుకోలేదు, సంచి విప్పమన్నాడు. లోపల నా డబ్బా ఒక్కటే ఉంది.

"నా సద్దప్పా" అని చెప్పి ఆమె మెట్లు దిగిపోయింది.

సాయంత్రం అత్త ఇంటికి వెళ్లి ఏడ్చాను. "మీ నాయన మంచంలో ఉండాడు, పని పోతే ఎట్ల? తెలీదన్నందుకు నాకు కోపం లేదు పాపా" అంది. మిషన్ మీది రైక మడిచిపెడుతూ, "సంచి ఇప్పమన్నప్పుడన్నా తలకాయ ఎత్తుతావనుకున్నా" అంది.

తర్వాత నన్ను పిలవలేదు. ఆ వేసవిలోనే బళ్లారిలో చెల్లెలి ఇంటికి వెళ్లి, అక్కడే పోయింది. కబురు తెలిసిన రోజు యజమాని ముందు నిలబడ్డాను.

"నేనూ కాలనీదాన్నేనన్నా. ఆ పొద్దు నువ్వు సంచి ఇప్పించినామే నాకు కుట్టు నేర్పింది."

ఆయన చేతిలోని చీర మడిచి పక్కన పెట్టాడు. తర్వాత మెచ్చుకోలుగా, "పోనీలే పాపా, నువ్వు వాళ్ల మాదిరి కాదు" అన్నాడు.

మరుసటి రోజు నుంచి ఆ అంగడికి పోలేదు. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన అన్నది నిజం. నేను ఆమె మాదిరి కాలేకపోయాను.