రాలిన మట్ట మీద కాలు

ఎక్కడో సముద్రాల అవతల ఏదో కాలువ మూసేశారట, ఓడలు ఆగిపోయాయట, అందుకని పలాసలో మా మనవడి ఇంట్లో కిరసనాయిలు స్టవ్ వెలగలేదు. మనవడి పెళ్లాం దిగాలుగా కూర్చుంటే నాకు నవ్వాగలేదు. మూడో తరగతితోనే బడికి నా పీడ వదిలింది కాబట్టి ఆ కాలువ ఏ దిక్కున ఉందో నాకు తెలియదు గాని, ఒకరి పొయ్యి మరొకరి గుప్పిట్లోకి ఎలా వెళ్తుందో మాత్రం మందస దగ్గర ఉద్దానం పల్లెకు కోడలిగా వెళ్లిన కొత్తలోనే చూశాను.

అవి మొదటి యుద్ధం రోజులు. బొగ్గంతా యుద్ధానికి పోతోందని రైలింజన్లకు కూడా కట్టెలు తోలేవారు. ఆ కరువు ఇటుక బట్టీలకు తగిలి, బట్టీల గుత్తదారు ఒకాయన మా కొబ్బరి తోటల మీద పడ్డాడు. కాయల పీచు డొక్కలూ ఎండు మట్టలూ రాలినవి రాలినట్టే తనకు కావాలన్నాడు. మా ఊరి ఆనవాయితీ ఏమిటంటే, తోట ఎవరిదైనా, రాలిన మట్ట మీద ముందుగా ఏ ఆడమనిషి కాలు వేస్తే అది ఆమెది. తోట లేని ఇళ్లలో అన్నం ఉడికేది ఆ కాలి బలంతోనే అని మన ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. మగవాళ్లు ఎన్నడైనా పొయ్యి ముఖం చూశారా ఏమన్నా, చెత్తే కదా అనుకుని సరేనన్నారు. మర్నాటికల్లా తోటల్లో కాపలా నిలబడింది, మేం ఉత్త చేతులతో తిరిగొచ్చాం.

ఒప్పందం కుదిరిన సంబరానికి మా మావయ్య గుత్తదారునీ ఊరి రైతులనూ భోజనానికి పిలిచాడు. మా అత్త ఇల్లిల్లూ తిరిగి ఏం చెప్పిందో గాని ఆ రోజు ఊళ్లో ఒక్క పొయ్యీ రాజుకోలేదు. పంక్తి సర్దుకుని కూర్చున్నాక విస్తళ్లు వేసి, కడిగిన బియ్యం, పచ్చి కందిపప్పు, తరిగిన వంకాయ ముక్కలు ఎంతో మర్యాదగా వడ్డించాం. చారుకు బదులు చింతపండు నీళ్లు.

"ఏటే ఇది?" అన్నాడు మావయ్య.

"ఏటని సెప్పేది? మంట అమ్మీసినారు, బియ్యం మిగిలినాయి. తినండి," అంది అత్త.

మావయ్య నాకు స్వయానా మేనమామ, నా నోటికి అదొక ధీమా. తలుపు చాటు నుంచి, "వంకాయకి ఉప్పు సరిపోనాదా సూడు మావా," అన్నాను. పంక్తి చివర ఒక ముసలాయన ఫక్కుమన్నాడు. ఆ నవ్వు అందరినీ చుట్టింది గాని మావయ్య దాకా రాలేదు. సొంత ఇళ్లకు వెళ్లి తిందామని లేచినవాళ్లకు అక్కడా ఇదే వంటకమని కబురందింది. గుత్తదారు మాత్రం నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలి, "ఆరిన పొయ్యిలే ఇంత కాల్తన్నాయి, నాకొద్దు బాబూ," అని లేచాడు. మావయ్య విస్తట్లోకి చూస్తూ, "రాలింది ఆడోళ్లదే. కాపలా తీసీండి," అన్నాడు. ఆ మాట నలుగురిలో అన్నాకే అత్త పొయ్యి రాజేసింది.

అప్పుడు మా పొయ్యి ఆర్పినవాళ్లు మా పంక్తిలోనే కూర్చున్నారు కాబట్టి ఆకులో బియ్యం పోసి నిలదీశాం. ఇప్పుడు మూసినవాడెవడో, తెరిచేవాడెవడో, ఎవడి విస్తట్లో వడ్డించాలో! మనవడి వీధిలో మట్ట రాలితే తొక్కకుండా తప్పుకుపోతారు.

నిన్న సాయంత్రం ఎదురింటి గోడ దాటి ఒకటి రోడ్డు మీద పడింది. సిగ్గుపడితే పడనీ అని, మనవడు చూస్తుండగానే గబగబా వెళ్లి దాని మీద కాలు వేసి నిలబడ్డాను.