నర్సవ్వకు వినిపించిన మోత

దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ విసుగు. ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం ఉందేమో చూడమనేదాన్ని. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను, రిటైరయ్యేదాకా అదే పాఠం చెప్పాను. కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోకండి. జరిగింది జరిగినట్టు చెప్తాను. దీనికి ఏం పేరు పెట్టాలో నాకూ తెలియదు.

అరవైల చివర, యూనివర్సిటీలో ఫైనల్ ఇయర్‌లో ఉండగా నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగింది, రాలిన జుట్టు మళ్ళీ మొలిచింది. ఎడమ చెవిలో ఒక మోత మాత్రం ఉండిపోయింది. సన్నగా, తెగకుండా, ఈల వేసినట్టు. పగలు క్లాసుల సందడిలో ఎలాగో గడిచేది. పడుకుంటే తల నిండా అదే. నిద్ర లేని కళ్ళతో పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క తలకెక్కేది కాదు. "ఈసారి తప్పితే సదువు బంద్" అని నాన్న ముందే చెప్పాడు. ఆయన మాటంటే మాటే.

ఒకరోజు ల్యాబ్‌లో ట్యూనింగ్ ఫోర్కులు ఒక్కొక్కటే మోగించి చెవి దగ్గర పెట్టుకుని చూశాను. పెట్టెలో అన్నిటికన్నా చిన్నది, 512 అని చెక్కి ఉన్నది, నా మోతతో సరిగ్గా కలిసిపోయింది. ఏది బయటిదో ఏది లోపలిదో తెలియలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పిచ్చిదనుకుంటారని భయం.

హాస్టల్ నిశ్శబ్దం భరించలేక తార్నాకలో రైలు పట్టాలకు దగ్గరగా ఒక గది తీసుకున్నాను. రైళ్ళ చప్పుడులో నా మోత మునిగిపోతుందని ఆశ. ఇంటావిడ నర్సవ్వ నాన్నకు దూరపు చుట్టం. పడుచు వయసులోనే కాన్పు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయట. పక్కనే ఇత్తడి బిందె పడ్డా తల తిప్పేది కాదు. కోడలు సుగుణక్క ఆమెకు అన్నీ సైగలతోనే చెప్పేది.

చేరిన కొద్ది రోజులకు, ఒక మధ్యాహ్నం చదువుకుంటుంటే నర్సవ్వ చేటతో నా గుమ్మంలో ఆగింది. నన్నే చూస్తోంది.

"ఏందది బిడ్డా? ఏం మోగుతున్నది?"

బయట రైలు కూడా లేదు. ఆమె చేట కింద పెట్టి, నా పక్కన కూర్చుని, తన చెంప నా ఎడమ చెవికి ఆనించింది. "గీడ. గీ చెవుల మోగుతున్నది" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు.

సుగుణక్క నవ్వేసింది. "అత్తమ్మకు పిడుగు వడ్డా ఇనవడదు. ఏదో భ్రమ. నువ్వు పట్టించుకోకు" అంది.

పట్టించుకోకుండా ఎలా ఉంటాను? ల్యాబ్ సార్‌ని అడిగి ఆ ఫోర్కు ఇంటికి తెచ్చాను. నర్సవ్వ చెవి పక్కనే మోగించాను. ఉలుకూ పలుకూ లేదు. తర్వాత నా చెవి చూపించి, ఏం వినిపిస్తోందో గొంతుతో అనమని సైగ చేశాను. పెదవులు మూసి సన్నగా రాగం తీసింది. ఫోర్కు మళ్ళీ మోగించాను. రెండూ ఒకటే శ్రుతి. కొంచెం తేడా ఉన్నా, కలిసి మోగేటప్పుడు ఒక అదురు వినిపించాలి. అది లేదు.

అప్పటి నుంచి పని లేనప్పుడల్లా వచ్చి నా ఎడమ పక్కన కూర్చునేది. పప్పులో రాళ్ళు ఏరుకుంటూ తల మెల్లగా ఊపేది. నా ప్రాణం తీస్తున్న మోత ఆమెకు పండగ. నాకు భయం వేసేది, జాలి వేసేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది కూడా.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇక లాభం లేదని అడిక్‌మెట్‌లో ఒక డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆయన మొహమాటపడలేదు.

"మోత పోయే మందు నా దగ్గర లేదమ్మా. ఒకటి నిద్ర మాత్ర, తెల్లారినంక గూడ మత్తుంటది. ఇంకోటి గాబరా తగ్గేది. మోత ఉంటది గాని నీ మనసు దాని మీదికి పోదు. రెండు కలిపి ఏసుకోవద్దు. ఏదైనా అలవాటైతది, జాగ్రత్త. ఏది గావాలె?"

ప్రాక్టికల్స్ పొద్దున పూట. మత్తు కళ్ళతో రీడింగులు తీసుకోలేను. గాబరా మాత్రే అడిగాను.

పనిచేసింది. మోత పక్కింట్లోకి వెళ్ళిపోయినట్టు అనిపించింది. నెలల తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

పొద్దున తలుపు తీస్తే ఎదురుగా నర్సవ్వ. నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎందుకు బంద్ చేసినవ్ బిడ్డా? గిన్నేండ్లకు ఒక్కటి ఇన్న. గా ఒక్కటి గూడ తీస్కపోతవా?"

మాత్రలు చూపించాను, పుస్తకాలు చూపించాను. పరీక్షలు అయిపోగానే మానేస్తానని సైగలతో బతిమాలుకున్నాను. తల ఊపింది గానీ నన్ను చూడటం లేదు. గేటు వైపు చూస్తోంది.

"నీ కాడ లేదు. వాకిట్ల నిలవడ్డది" అంది.

వాకిట్లో ఎవరూ లేరు. మర్నాడు "మెట్ల కాడికొచ్చింది" అంది. ఆ తర్వాత నా గది వైపు రావడమే మానేసింది. వీధి తలుపు బార్లా తీసి, దానికెదురుగా కూర్చునేది. సుగుణక్క కూడా నవ్వడం మానేసింది.

ప్రాక్టికల్ పరీక్ష రోజున, ల్యాబ్‌లో తీగ బిగిస్తుండగా నా మోత ఆగిపోయింది. తగ్గడం కాదు, పూర్తిగా ఆగిపోయింది. పక్క బల్ల మీద పెన్సిల్ గీతల చప్పుడు వినిపించింది. సంతోషంతో ఏడుపొచ్చింది. పరీక్ష బాగా చేశాను.

ఇంటికొస్తే నర్సవ్వ ఎడమ చెవి మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది.

"నా కాడికొచ్చింది. ఇగ నువ్వు మంచిగ సదువుకో" అంది.

డాక్టరును అడిగి మాత్రలు మానేశాను. మోత తిరిగి రాలేదు. "ఒక్కోసారి దానంతటదే పోతది" అన్నాడాయన. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. పాసయ్యాను, కాలేజీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. ఎప్పుడు తార్నాక వెళ్ళినా నర్సవ్వ చెయ్యి చెవి మీదే ఉండేది.

చాలా ఏళ్ళకు, ఒక పొద్దున పాఠం చెప్తుండగా ఎడమ చెవిలో మోగింది. అదే శ్రుతి. సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు అలాగే నిలబడిపోయాను. సాయంత్రం సుగుణక్క దగ్గర నుంచి కబురొచ్చింది. నర్సవ్వ ఆ పొద్దున్నే పోయింది.

అప్పటి నుంచీ మోత నాతోనే ఉంది. ఎన్ని విధాల ఆలోచించినా నాకు లెక్క కుదరలేదు. ఈమధ్య మా అబ్బాయి డాక్టరుతో రాయించి మాత్రలు తెచ్చాడు. అలమరలో ఉన్నాయి. ఎందుకు వేసుకోవని రోజూ కసురుకుంటాడు. వాడికి ఏమని చెప్పను? నర్సవ్వ తలుపు తీసి మరీ దాన్ని రానిచ్చింది. ఈసారి నేను బయటికి పంపితే అది ఎవరి దగ్గరికి పోతుందో. పక్క గదిలో మనవరాలు పడుకుంటుంది.