కాలువ కట్ట ఎక్కని జీపు

జులై నెల. తెల్లవారుజామున నాలుగుంబావు. సన్నటి ముసురు. నస్రుల్లాబాద్ దాటాక రోడ్డు పక్కనున్న తండాలో రిపోర్టు చేశాను. ఒంటి మీద పాత వానకోటు, చేతిలో టార్చి, భుజాన పానాల సంచి. పద్దెనిమిదేళ్ళు సైన్యంలో బండ్ల మెకానిక్‌ని. మంచుకొండల మీద, ఇసుకలో లారీలు లేపి నడిపించాను. వాటి గురించి బాన్సువాడలో అందరూ అడుగుతారు. రిటైరయ్యాక చేసిన ఈ నెల రోజుల డ్యూటీ గురించి ఎవరూ అడగరు. అందుకే నేనే చెబుతున్నాను.

ఆర్డరు ఇచ్చింది శాంతిబాయి. పన్నెండు మంది నాట్ల కూలీల ముఠాకు పెద్ద. జీపు వాళ్ళదే. దాన్ని నడిపే ఆమె భర్త రాములు బురదలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పట్టీతో డోంగ్లిలో అక్క ఇంట్లో పడుకున్నాడు.

“కాలు అతికేదాక నువ్వే నడుపాలె ఫౌజీ అన్న. మనకోసం నాట్లు ఆగుతయా?” అంది.

“ఎస్ సర్,” అని సెల్యూట్ కొట్టాను. ముఠా అంతా పకపకా నవ్వింది.

జీపు వయసు ఇరవై ఆరేళ్ళు. కిలోమీటర్ల మీటరు మూడు లక్షలు దాటాక ఇక చాలనుకుని ఆగిపోయింది. డ్రైవరు వైపు తలుపు తాడుతో కట్టి ఉంది. ఇంజను మాత్రం ఒక్క సెల్ఫుకే లేచింది.

ఆ సాయంత్రం నా పద్ధతిలో తనిఖీ మొదలుపెట్టాను. తాడు విప్పి గొళ్ళెం బిగించాను. బ్రేకులు సర్దాను. డీజిల్ ట్యాంకుకు అసలు మూత ఎప్పుడో పోయింది. దాని బదులు ఏదో రేకు మూత. దాని నడుమ మేకుతో పొడిచిన కన్నం. వానాకాలంలో ట్యాంకు మీద కన్నమేమిటి? సివిల్ వాళ్ళ పని ఇంతే అనుకున్నాను. ట్రాక్టరు ట్యూబు కోసి మూతకు వాషరు వేశాను. కన్నాన్ని లప్పంతో పూడ్చాను. సైన్యంలో పనిచేసినవాడి చెయ్యి పడితే ఇలా ఉండాలి అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

తండా నుంచి ముఠా నాట్లేసే పటేల్ మడికి పద్నాలుగు కిలోమీటర్లు. పన్నెండో కిలోమీటరు దగ్గర నిజాంసాగర్ కాలువ కట్ట ఎక్కాలి. మూడో రోజు ఐదూ ఇరవైకి సరిగ్గా ఆ ఎక్కుడు మీద బండి దమ్ము పోయింది. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ చప్పుడు తగ్గింది. ఫస్టు గేరుకు దించాను. రెండు మూరలు పాకి ఆగింది.

“ఏంది బిడ్డ, దుష్మన్లు అచ్చిండ్రా? గిట్ల ఆపినవ్?” అంది ముందు సీటు అవ్వ. ముఠాలో అందరికన్నా పెద్దది ఆమె.

“బండి గుంజుత లేదవ్వా.”

పన్నెండు మందీ దిగి తోశారు. పావుగంట పట్టింది. అప్పటి నుంచి ఎక్కుడు రాగానే వాళ్ళంతట వాళ్ళే దూకడం అలవాటు చేసుకున్నారు.

సాయంత్రం డీజిల్ ఫిల్టర్ మార్చాను. ట్యాంకు మూత తీసి, నీళ్ళు చేరాయేమోనని పుల్ల ముంచి చూశాను. నీళ్ళు లేవు. మర్నాడు జీపు గుర్రంలా ఎక్కింది. గెలిచాననుకున్నాను. ఆ తర్వాతి రోజు మళ్ళీ మొండికేసింది. పైపులు ఊదాను. మళ్ళీ మూత తీసి చూశాను. ఒక రోజు బాగుంది, రెండో రోజు అదే కథ. ఎయిర్ ఫిల్టర్ దులిపాను. క్లచ్‌ని అనుమానించాను. చివరికి బంకు వాళ్ళ డీజిల్‌నీ అనుమానించాను.

“అన్నా, డీజిల్ పోసిన తెల్లారి మంచిగనే పోతది. అటెన్క మొండికేస్తది. మూత తీస్తె సుయ్యిమంటది గూడ,” అంది శాంతిబాయి ఒకసారి.

“పాత ట్యాంకు చెల్లె, అట్లనే అంటది,” అన్నాను. నిజం చెప్పాలంటే నాకా చప్పుడు ఎప్పుడూ వినపడలేదు. లారీ ఇంజన్ల పక్కన బతికి నా కుడి చెవి సగమే పనిచేస్తుంది. అది ఒప్పుకోవడం ఇష్టం లేక ఆమె మాట కొట్టేశాను.

శనివారం ముప్పావుగంట ఆలస్యమైంది. పటేల్ గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డాడు.

“శాంతిబాయి, సోమవారం సంది పన్నెండెకరాల నాటు. నారు పీకిపిచ్చి పెడ్త. ఆరింటికల్ల మడిల లేకుంటె వేరే ముఠాను పిలుస్త. ఇగ నన్ను అడగొద్దు,” అన్నాడు.

ఆ మడి పోతే ఆయన చుట్టాల మడులూ పోతాయి. ఈ సీజను ముఠాకు పనే ఉండదు. తిరుగు ప్రయాణంలో జీపులో ఎవరూ నవ్వలేదు. నాకు సిగ్గేసింది.

ఆదివారం పొద్దంతా ఇంజను విప్పి బిగించాను. ఇంజెక్టర్లు కడిగాను. ట్యాంకు జోలికి పోలేదు. దాన్ని అప్పటికే రెండుసార్లు చూశాను కదా.

సోమవారం. ఐదూ ఇరవై రెండు. వాన లేదు. కాలువ కట్ట కింద జీపు దగ్గి ఆగిపోయింది. చేతిలో ముప్పై ఎనిమిది నిమిషాలు. మడికి రెండు కిలోమీటర్లు. సంచిలో వాడకుండా మిగిలిన పానా లేదు, అనుమానించడానికి మిగిలిన భాగం లేదు.

“చెల్లె, ఆ సుయ్యిమనేది ఎక్కడ?” అన్నాను.

ఆమె దిగి ట్యాంకు చూపించింది. బురదలో మోకాళ్ళ మీద కూచుని ఎడమ చెవి ఆనించాను. ఆమె మూత తిప్పింది.

సుయ్య్... ఎంత పొడుగ్గా! లోపలికి సొట్టబోయిన ట్యాంకు రేకు టక్కుమని బయటికొచ్చింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగే పోలీసై తొమ్మిది రోజులు ఊరంతా వెతికాడు. డీజిల్ దిగిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్ళాలి. వెళ్ళే దారి నేనే పూడ్చాను. ఎక్కుడు మీద ఇంజను ఎక్కువ తాగబోతే ట్యాంకు వదల్లేదు. నేను చూడటానికి మూత తీసిన ప్రతిసారీ జబ్బు కుదిరేది. బిగించిన ప్రతిసారీ మళ్ళీ నేనే అంటించేవాణ్ణి.

“ఏమైంది అన్న?”

“తప్పు నాదే చెల్లె. ఆ కన్నం నేనే మూసిన.”

మేకు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేశాను. లప్పం ఊడిపోయింది. ఐదూ ముప్పై ఆరు. ఇంజను లేచింది. సెకండు గేరు వేశాను. బండి ఆగకుండా ఎక్కింది. ఐదూ యాభైకి మడి గట్టు మీదున్నాం. పటేల్ గడియారం చూసి, నారు కట్టల వైపు చెయ్యి చూపించాడు.

మధ్యాహ్నం రాములుకు ఫోన్ చేసి అంతా చెప్పుకున్నాను.

“గా పొక్క నేనే కొట్టిన అన్న,” అని ఒకటే నవ్వు. “అసలు మూత పోయినప్పుడు నాకూ గిదే లొల్లి. నన్నొక్క మాట అడుగకపోతివి!”

ముప్పై ఒకటో రోజు అతను చేతికర్రతో దిగాడు. తాళంచెవి అప్పగించాను. శాంతిబాయి జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది. “మల్ల రా అన్న. మూత మాత్రం ముట్టకు,” అంది. ఎనిమిదింటి బస్సుకు బాన్సువాడ చేరాను.

మంచుకొండలు ఇప్పుడు నాకు కలలోకి కూడా రావు. ఆ సోమవారం ఒక్కటే కళ్ళ ముందు నుంచి పోదు. కన్నం తెరిచాక బండి మళ్ళీ ఎక్కుడు అందుకోగానే అలవాటుగా అందరూ దూకబోయారు. “ఎవ్వరు దిగొద్దు!” అని అరిచాను. అవ్వ అప్పటికే ఒక కాలు బయట పెట్టేసింది. జీపు ఎక్కుతూనే ఉంది. ఆ కాలిని లోపలికి తీసుకోవడం మరిచిపోయి, నోరు తెరుచుకుని, కాలి కడియం ఊగుతుండగా కట్ట పైదాకా అవ్వ అలాగే వచ్చింది.