సమ్మెటకో వాటా

మా ఇంట్లో ఎవరైనా అడిగిన ధర ఇచ్చి సరుకు తెచ్చారంటే, జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూసేవారు. అలాంటి ఇనుప కొట్టు ఇంట పుట్టినవాణ్ణి నేను. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో, గట్టు మీది రైలు కార్ఖానా గేటుకెదురుగా మా కొట్టు ఉండేది.

ఎర్రగా కాలిన రివిట్ల తలలు సమ్మెటలతో అణగ్గొట్టే ముఠాలో అందరూ జాలర్లే. అనుకున్నదానికన్నా ఎక్కువ పని తెమిల్చిన నెలలో దొర జీతం మీద ఇనాం ఇచ్చేవాడు. బోనసు అనే మాట అప్పటికింకా మా నోళ్లకు రాలేదు. ఆ ఇనాం ముఠా మొత్తానికి కలిపి వచ్చేది. దాన్ని ఎలా పంచుకుంటారో నేనెన్నడూ అడగలేదు. వాళ్లు ఏం కొంటారో తెలిస్తే చాలనుకునేవాణ్ణి.

ఆ ఏడు వరదకు ముందే ఇనుము పని పూర్తి కావాలని తొందరపెట్టారు. ఆ తొందరలోనే ముఠాలో ఒకతను కలరా తగిలి ఒక్క పూటలో పోయాడు. కంపెనీ సమ్మెటలు చేతికి కుదరవని వాళ్లు ఎవరిది వాళ్లే తెచ్చుకునేవారు. పోయినతని సమ్మెట మంచి బరువైనది, దాని కర్ర అతను స్వయంగా చెక్కుకున్నది. ముఠా మేస్త్రి దాన్ని మూలన పెట్టనివ్వలేదు. తానే ఎత్తి పని సాగించాడు.

నాలుగు రోజులకు అతని భార్య మా కొట్టుకు వచ్చింది.

"మా ఆయన సమ్మెట కొంటారేంటండీ? పెద్దదినం ఎల్లాలండి."

"సమ్మెట ఏదమ్మా?"

"కార్ఖానాలో మేస్త్రి మావ కాడుందండి. పనయ్యాక తెచ్చుకోవచ్చండి."

కంటికి కనబడని సరుకంటే సగం ధరే అని మా తాత చెప్పేవాడు. ఆమె రూపాయిన్నర అంది. ముప్పావలా అన్నాను. ఆమె లేచి నాలుగడుగులు వేసింది. నేను తల కూడా ఎత్తలేదు. వెనక్కి వచ్చి ముప్పావలా కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

ఆ నెల ఇనాం పడింది. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే మేస్త్రి నన్ను గేటు లోపలికి పిలిపించాడు. రేకుల పాక కింద ముఠా అంతా గుండ్రంగా కూర్చుని ఉంది. పోయినతను పనిచేసిన రోజుల వాటా అందరి ముందూ ఇంటివాళ్ల చేతికివ్వడం వాళ్ల ఆచారం కాబట్టి అతని భార్య కూడా వచ్చి ఓ పక్కగా నిలబడి ఉంది. మేస్త్రి మూడు రూపాయలు నా ముందు పెట్టాడు.

"ఏంటిది?" అన్నాను.

"మీ సమ్మెట వాటా అండి, బాబుగారూ."

"నేనేం పని చేశానయ్యా?"

"మీరేం సెయ్యలేదండి. సమ్మెట సేసింది. సేపల ఏటలో మనిసికో వాటా, పడవకో వాటా, వలకో వాటా అండి. వలగలాయన మంచాన పడ్డా, వల నీట్లో దిగితే దాని వాటా దానిదే. ఇక్కడ వల లేదు కదండీ, సమ్మెటకి పెట్టుకున్నాం. పంపకం నాడు అదెవరిదైతే వాటా ఆళ్లది."

అంత లాభసాటి బేరం మా వంశంలో ఎవరూ చేసి ఉండరు. ఒక్కరూ నన్ను తప్పుపట్టినట్టు చూడలేదు. అదే కష్టంగా ఉంది. ముందు వరద నెలలు. వేట ఉండదు, ఆమెకు ఇద్దరు పసివాళ్లు.

"నీకీ సంగతి తెలుసామ్మా?" అన్నాను ఆమెతో.

"తెలుసండి. ఇనాం వత్తాదో రాదో ఎవరికెరుకండీ. పెద్దదినం ఆగదు కదా."

"అయితే ఇది నువ్వే తీసుకో."

"అమ్మేసిందాని మీద నాకేం అక్కుందండీ? ముష్టి ఒద్దండి."

దానం నాకు చేతకాదు, ఆమెకు పుచ్చుకోవడం చేతకాదు. ఇద్దరికీ తెలిసింది బేరమొక్కటే. సమ్మెట తెప్పించి, కొట్లో పాత సామాను చూసినట్టు అటూ ఇటూ తిప్పాను.

"మేస్త్రీ, ఈ కర్ర బీటవారింది. చూడకుండా కొన్నాను. ఈ సరుకు నాకొద్దు, దీని వాటా కూడా నాకొద్దు. నా ముప్పావలా నాకిప్పించు."

"బీటేంటండీ!" ఆమె గొంతు మొదటిసారి పైకి లేచింది. "మా ఆయన సెక్కిన కర్రండీ అది! ఏదీ, సూపించండి బీట!"

కర్రకు బీట లేదు. చేతులు పట్టిన చోట నున్నగా నల్లబడి ఉంది, అంతే. ఆ నలుపు మీద వేలు పెట్టి "ఇదిగో" అన్నాను. ఆమె వంగి చాలాసేపు చూసింది. తన వేలు కూడా అక్కడే పెట్టింది.

"బీటే అండి," అంది చివరికి.

మేస్త్రి మూడు రూపాయలూ ఆమె వైపు జరిపాడు. ఆమె ఒకటి మార్పించి నా చేతిలో అర్ధరూపాయి పెట్టింది.

"ముప్పావలా కదమ్మా?"

"బీటవారిన సరుక్కి పూర్తి ధర ఎవరిత్తారండీ?"

అర్ధరూపాయి జేబులో వేసుకున్నాను. ఆమె సమ్మెట భుజాన పెట్టుకుని గేటు దాకా వెళ్లింది. ఏమనుకుందో వెనక్కి వచ్చి దాన్ని మేస్త్రి పక్కన నేల మీద ఆనించి, ఒట్టి చేతులతో ఇంటికి పోయింది. భోజనాలయ్యే గంట కొట్టారు. మేస్త్రి సమ్మెట ఎత్తాడు.