కిటికీ పక్కన ఫాయిల్ లేని ఫ్లాస్కు

నాచారంలో నేను పనిచేసిన మందుల కంపెనీ ల్యాబుకు దక్షిణం వైపు పొడవాటి కిటికీ ఉండేది. కొత్తగా చేరిన నాకు ఆ కిటికీ పక్క బల్ల తెగ నచ్చింది. వెలుతురుకు భయపడాల్సిన ఉద్యోగంలో చేరానని అప్పటికింకా వంటబట్టలేదు.

మేం పరీక్షించేది బీపీ మాత్రల్లో వాడే ఒక పసుపుపచ్చ పొడి. చీకట్లో ఉంచితే ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. ఎండలోని అతినీలలోహిత కాంతి తగిలిందా, అంతే సంగతులు. వేడి అయితే అణువు మొత్తాన్ని ఊపుతుంది. ఈ కాంతి అలా కాదు, తన శక్తినంతా ఒక్కచోట దించుతుంది. అది బంధం బలాన్ని మించితే బంధం పుటుక్కున తెగి, అణువు ఇంకో పదార్థంగా మారిపోతుంది. తర్వాత ఎంత చీకట్లో దాచినా పాతది తిరిగి రాదు. కిటికీ అద్దం ఆ కాంతిని కొంత ఆపుతుంది గానీ, మా పొడిని చెడగొట్టడానికి మిగిలింది చాలు.

అందుకే పొడిని కరిగించి పెట్టిన ఫ్లాస్కులకు అల్యూమినియం ఫాయిల్ చుట్టేవాళ్లం. నాకు ఆ పని నేర్పింది ఉప్పల్ నుంచి వచ్చే ఒక అక్క. కొలిచే గొట్టం, పిపెట్‌లో చుక్క ఎక్కువైనా పారబోసి మొదటి నుంచి మొదలుపెట్టేది. "మాత్ర మింగేటోళ్లకు మనం కనబడం. జర పైలం," అనేది.

ఒకరోజు ఫాయిల్ అయిపోయింది. స్టోర్స్ వాళ్లు ఇండెంట్ పెట్టమన్నారు, అంటే రేపటి మాట. అక్క అప్పటికే కిటికీ పక్క తన బల్ల మీది ఫ్లాస్కుకు ఫాయిల్ చుట్టిపెట్టి మీటింగుకు వెళ్లింది. నేను అది విప్పి నా ఫ్లాస్కుకు చుట్టుకున్నాను. పది నిమిషాల్లో తిరిగి పెట్టేద్దాంలే అనుకున్నాను. ఇంతలో భోజనానికి పిలిచారు. పప్పుచారు బాగుందని రెండోసారి వడ్డించుకున్న మహానుభావురాలిని నేను. తిరిగొచ్చేసరికి అక్క ఫ్లాస్కు మీద ఎండ నిండుగా పడుతోంది. గబగబా చుట్టేశాను. ఎవరూ చూడలేదు.

సాయంత్రం అక్క ద్రావణాన్ని పరీక్షించిన గ్రాఫులో, ఉండకూడని చోట ఒక పీకు లేచింది, అంటే అందులో ఇంకేదో పదార్థం ఉందని. మర్నాడు కొత్త ద్రావణంతో చేస్తే బ్యాచ్ శుభ్రంగా ఉంది. మందు బాగుందంటే తప్పు పరీక్ష చేసినవాళ్లదే. మేనేజరు అడిగితే అక్క చాలాసేపు ఆలోచించింది.

"ఫాయిల్ చుట్టుడు లేటయ్యిందేమో సార్. నాదే తప్పయ్యుంటది."

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. ప్రొబేషన్‌లో ఉన్నాను కదా అని ఇన్నాళ్లూ సాకు చెప్పుకున్నాను. నిజానికి అది పిరికితనం. ఆమెను పరీక్షల నుంచి తప్పించి రికార్డు గదిలో కూర్చోబెట్టారు. మూడు నెలలకు మానేసింది. ఆమె బల్ల నాకిచ్చారు. సిగ్గు లేకుండా తీసుకున్నాను.

ఆరేళ్ల తర్వాత, పోయిన నెల రామంతాపూర్‌లో షేర్ ఆటో దిగుతూ అక్క కనిపించింది. "ఏందమ్మా, గిట్ల చిక్కిపోయినవ్?" అంటూ ఇంటికి లాక్కెళ్లి టీ పెట్టింది. పిల్లలకు ట్యూషన్లు చెబుతోందట. మళ్లీ ల్యాబు పనికి ఎందుకు పోలేదని అడిగాను.

"మస్తుమంది పిలిచిన్రు. నేనే పోలే. మందుల పని గదా, నా చేతులు మల్ల యాడ తప్పు జేస్తయోనని భయం."

ఇక దాచలేకపోయాను. ఫాయిల్ సంగతి, భోజనం సంగతి, పక్కనే ఉండి నోరు మూసుకున్న సంగతి, అంతా చెప్పేశాను. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తన అరచేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

"అయితే నేను గాదా?" అంది.