వేలు దూరని నోటికి చెంచా

అది పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదో, ఎనభయ్యో. ఉదయగిరిలో మాది చెక్క చెంచాల అంగడి. అప్పటికి లెక్కలేనన్ని చెంచాలు చెక్కినా, అవి చివరకు చేరేది మనిషి నోట్లోకని నాకెన్నడూ తట్టలేదు. నా తెలివంతా చెంచా తోక మీదే ఉండేది: చిలక, చేప, నెమలి. తల చూడకుండా టోపీ కుట్టే రకాన్ని నేను.

వరికుంటపాడు వైపు నుంచి పెంచలయ్య అనే గొర్రెల కాపరి, ఆయన భార్య రమణమ్మ వచ్చారు. ఆయన ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. ఆమే చెప్పింది. బుగ్గలో పుండు క్యాన్సరని మద్రాసులో కోసేశారు. రొమ్ము మీది కండ తెచ్చి అతికిస్తే చీము పట్టి కుట్లు విడిపోయాయి. బుగ్గకు చిల్లు మిగిలింది. అది పూడి, ఒంటికి కాస్త బలమొస్తేగాని రేడియేషన్ మొదలుపెట్టరట. మా వైపు దాన్ని 'కరెంటు పెట్టడం' అంటారు.

"ఆలస్యమైతే మళ్లీ మొలస్తాదంట సాయిబూ. తిందామంటే నోరు తెరుచుకోదు. స్టీలు స్పూను పెడితే నెత్తురొస్తా ఉండాది. చెక్కదైతే మెత్తంగా ఉంటాదని వచ్చినాము."

ఆ తువ్వాలు వైపు చూడడానికి భయమేసి, ఊరికే తలూపాను. నర్ది చెక్కలో, తోక మీద చిలకతో, చూడముచ్చటైన చెంచా చేసి పంపాను.

కొద్దిరోజులకే ఇద్దరూ మళ్లీ బస్సు దిగారు. పెంచలయ్య చెంచాను నా ముందు పెట్టి తువ్వాలు విప్పాడు. చిల్లు మీద అరచెయ్యి అదిమిపెడితేగాని ఆయనకు మాట రాదు.

"చిలక బాగుండాది సాయిబూ. దానికే గింజలు పెట్టుకుంటా ఉండాము. నా నోట్లోకి మాత్రం పోలా."

పళ్ల మధ్య నా చిటికెన వేలు కూడా దూరదు. సన్నటి పుల్లతో ఆ సందు కొలిచాను. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు.

"నీ బుగ్గలో ఏంది?"

"పొగాకు పెంచలయ్యన్నా."

"నేనూ ఆడే పెట్టుకుంటా ఉన్నింది."

వెనక్కి పోయి ఊసి వచ్చాను. మర్నాడు మళ్లీ పెట్టాను. అంత తొందరగా బుద్ధి వస్తే నేను నేనెందుకవుతాను!

రెండో చెంచాకు చిలకా లేదు, చేపా లేదు. పొడుగ్గా, నాలుకలా పల్చగా, గుంట ఉందా లేదా అన్నట్టు చేసి, గాజుపెంకుతో గీకి నున్నగా తీశాను. రమణమ్మ అంగట్లోనే రెండో బుగ్గ వైపు నుంచి రాగిజావ పోసింది. గుటక పడింది. చుక్క కూడా బయటికి కారలేదు.

"దిగిందే!" అని ఆమె నా వైపు తిరిగింది. ఆ ముఖం చూశాక కొన్నాళ్లు నేను పెద్ద డాక్టరునే అనుకుని తిరిగాను.

కొన్ని నెలల తరవాత రమణమ్మ ఒక్కతే వచ్చింది.

"చిల్లు పూడింది సాయిబూ. కరెంటుకు పోయినాము. మెడకింద గడ్డ చూసి, ఇంక పెట్టీ లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పోయినాడు." మళ్లీ తనే అంది: "నీ చెంచా తప్పేం లేదు. కడదాకా జావ దిగింది. అది చెప్పిపోదామనే వచ్చినాను."

ఓదార్చవలసింది నేను. ఆమే నన్ను ఓదార్చి పోయింది. పని ఎంత బాగా కుదిరినా మనిషి దక్కకపోవచ్చునని నేర్పిన గిరాకీ అది. ఆ తరవాత పొగాకు బుగ్గలో పెట్టబోతే, బుగ్గ మీద ఆయన అదిమిన అరచెయ్యే కనిపించేది. మానేశాను.

మరుసటేడు ఆత్మకూరు నుంచి ఒక పొగాకు వ్యాపారి వచ్చి, కొనేవాళ్లకు పంచడానికి జేబులో పట్టే చెక్క డబ్బీలు కావాలన్నాడు. నేను కాదంటే ఇంకొకరు చేస్తారు. ఒప్పుకుని, మూతలు మహా శ్రద్ధగా బిగించాను. కొన్నాళ్లకు ఒక డబ్బీ పట్టుకుని కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"ఏందిరా మస్తానూ ఇది! మూత రాదే! జనానికి గోళ్లు ఊడిపోతా ఉండాయి!"

"ఓపిగ్గా లాగితే రవ్వంత సందు వస్తాదన్నా. ఆ పాటి సందుతోనే ఒక మనిషి చానా కాలం బతికినాడు."

ఆయనకేమీ అర్థం కాలేదు. నా ఉలి తీసుకుని, మూత పెకలించి, చిటికెడు పొగాకు తీసి బుగ్గలో పెట్టుకున్నాడు.